మేనమామ అద్దె కట్టడం లేదు, ఖాళీ చేయించాలంటే ఏం చేయాలి? (గుంటూరు)

గుంటూరు_టీచరమ్మ · జులై 6

అందరికీ నమస్కారమండి. నాలుగు రోజులుగా ఇది టైపు చేయడం, చెరిపేయడం. ఇవాళ రాసేస్తున్నాను.

మాది శ్యామలానగర్. కింద మేం ఉంటాం, పైన రెండు గదుల పోర్షను. స్థలం మా నాన్నగారు నాకు పసుపుకుంకుమల కింద రిజిస్టరు చేసి ఇచ్చింది. ఇల్లు లోను పెట్టి కట్టుకున్నాం, నెలకి 21,400 కిస్తీ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు ఆర్టీసీలో కండక్టరు. పై పోర్షను అద్దె వస్తుందన్న ధైర్యంతోనే అంత లోను తీసుకున్నాం.

2022 జూన్‌లో మా మేనమామ, అత్తయ్య పైకి వచ్చారు. మామయ్య మిర్చియార్డులో ఓ కమీషన్ కొట్లో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. 2016లో తుళ్లూరు వైపు అప్పు తెచ్చి రెండు ప్లాట్లు కొన్నాడు. 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట వచ్చాక వాటిని అడిగినవాడే లేడు, వడ్డీ మాత్రం ఆగలేదు. చివరికి ప్లాట్లు వచ్చిన రేటుకి వదిలించుకుని, కొత్తపేటలో సొంతిల్లు కూడా అమ్మేసి అప్పులు తీర్చాడు. నెలకి 8,500 ఇస్తానని ఆయనే అన్నాడు, "ఊరికే ఉండనమ్మా" అని. ఐదు నెలలు ఫోన్‌పే చేశాడు. నవంబర్ నుంచి లేదు. 2025 జూన్ వరకు లెక్క వేస్తే 32 నెలలు, 2,72,000.

కరెంటు కూడా మాదే. పై మీటరు నా పేరున ఉంది. రీడింగు తీసే అబ్బాయి బిల్లు మెట్ల గ్రిల్లులో దోపి వెళ్తాడు. మామయ్య దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి మా తలుపు కింద నుంచి లోపలికి తోస్తాడు. ఏమీ అనడు. నేను కట్టేస్తాను. పొద్దున స్కూలుకి బయల్దేరేటప్పుడు పైనుంచి "జాగ్రత్తగా వెళ్లమ్మా" అంటాడు. ఇక ఏమని అడగను?

మా బాబుకి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఫీజు కట్టాలి. మావారు ఊరుకోవడం లేదు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. "నీ పెళ్లిలో నిన్ను బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చిన చేతులు అవి" అని ఏడుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అద్దె కాగితం రాసుకోలేదు. చట్టం ఏమంటుంది? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

కృష్ణలంక_కుర్రాడు · జులై 6

అక్కా, మొహమాటం పక్కన పెట్టండి. నీళ్ల మోటారు స్విచ్చి మీ చేతిలోనే కదా. వారం రోజులు పైకి నీళ్లు ఎక్కించకండి, వాళ్లే సామాన్లు సర్దుకుంటారు. మా వీధిలో ఒకాయన తమ్ముడి పోర్షనుకి ఫ్యూజు పీకేశాడు, పది రోజుల్లో ఖాళీ అయింది.

పాత_గుమాస్తా · జులై 6

కుర్రాడు బాబూ, ఆ సలహా మాత్రం వద్దు. నేను గుంటూరు కోర్టుల్లో లాయరుగారి దగ్గర ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా ఉన్నాను. నీళ్లు ఆపినవాళ్లు, తాళాలు వేసినవాళ్లు ప్రతివాదులై వరండాలో బల్ల మీద కూర్చోవడం నా కళ్లతో చూశాను. ఇల్లు వాళ్లదే. తప్పు కూడా వాళ్లదే అయింది.

స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లో 6వ సెక్షన్ అని ఒకటుంది. చట్టప్రకారం కాకుండా ఎవరినైనా ఇంట్లోంచి వెళ్లగొడితే, ఆ మనిషి ఆరు నెలల్లోపు దావా వేసుకుని మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్నే రాదు. ఉన్నవాడిని అడ్డదారిన పంపించారా లేదా, అంతవరకే చూస్తారు. టీచరమ్మగారి చేతిలో ఇప్పుడు న్యాయం ఉంది. ఫ్యూజు పీకిన రోజున అది మామయ్యగారి చేతిలోకి పోతుంది.

అమ్మా, ఒక మాట చెప్పండి. ఆ ఐదు నెలల ఫోన్‌పే వివరాలు మీ ఫోనులో ఉన్నాయా?

గుంటూరు_టీచరమ్మ · జులై 6

ఉన్నాయండి. మొదటి రెండింటికి ఆయన "అద్దె జూన్", "అద్దె జులై" అని కూడా రాశాడు.

వకీలమ్మ_బెజవాడ · జులై 7

టీచరుగారూ, ఆ రెండు మాటలు మీకు చాలా విలువైనవి. వాటికి స్క్రీన్‌షాట్లు తీసుకోండి, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తెచ్చుకోండి.

బంధువు మన ఇంట్లో ఉంటే చట్టం ముందు అడిగేది ఆయన ఏ హోదాలో ఉన్నాడన్నది. అద్దె మాటే లేకుండా "ఉండు మామయ్యా" అని ఉంచుకుంటే అది అనుమతి మాత్రమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం దాన్ని లైసెన్సు అంటుంది. ఆ అనుమతి వెనక్కి తీసుకుని, సామాన్లు తీసుకెళ్లడానికి సరిపడా గడువు ఇచ్చి, అప్పటికీ వెళ్లకపోతే దావా వేస్తారు. ఎన్నేళ్లు ఉన్నా ఇల్లు అతనిది కాదు. దీనిపై 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. గోవాలో ఒక సోదరికి, ఆమె సోదరుడికి మధ్య వచ్చిన ఇంటి తగాదా అది, మరియా మార్గరిడా కేసు అంటారు. ప్రేమతో ఊరికే ఉండనిచ్చిన మనిషికి దశాబ్దాలు గడిచినా హక్కు పుట్టదని అందులో తేల్చిచెప్పారు. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందని మన వైపు భయపడుతుంటారు కదా, అనుమతితో ఉన్నవాళ్లకి ఆ లెక్క వర్తించదు.

మీ మామయ్య మాత్రం అద్దె ఒప్పుకున్నాడు, ఐదు నెలలు కట్టాడు. కాగితం లేకపోయినా ఆయన నెలవారీ అద్దెదారు. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి అద్దె ఒప్పందాన్ని ముగించాలి. ఖాళీ చేయకపోతే అప్పుడు కేసు. అది ఎక్కడ, ఏ చట్టం కింద వేయాలన్నది అద్దె మొత్తం, మీ కాగితాలు చూసి అక్కడి లాయరు చెబుతారు.

నరసరావుపేట_నాని · జులై 7

నేను కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి. అరవై దాటిన మనిషికి లాయరు నోటీసు పంపుతారా? మొత్తం పోగొట్టుకుని మీ నీడకి చేరాడు. 8,500 కోసం ఆయన్ని వీధిలో నిలబెడితే ఊళ్లో మీకు మాట దక్కుతుందా? నీళ్లు, నిప్పు లెక్కలు వేసుకుంటే చుట్టరికం ఎందుకు?

పటమట_అత్తయ్య · జులై 7

నాని బాబూ, నీ మాటలో ప్రేమ ఉంది, కాదనను. అయితే ఆ ప్రేమ ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా చూడు. కిస్తీ కట్టేది ఆ పిల్ల.

మాకు ఇలాగే జరిగింది. మా మరిది, తోడికోడలు పటమటలో మా వెనక వాటాలో తొమ్మిదేళ్లు ఉన్నారు. అద్దె 6,000 అనుకున్నాం. మొదటి ఏడు ఇచ్చారు. తర్వాత పండక్కి పండక్కి ఓ రెండు వేలు. మావారు తమ్ముణ్ని అడగలేక నా మీద విసుక్కునేవారు. నేను తోడికోడల్ని అడగలేక పనిమనిషి మీద కేకలేసేదాన్ని. తొమ్మిదేళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నలుగురం కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోలేదు. చివరికి మా అమ్మాయి పెళ్లికి వాటా కావాలని ఒకరోజు మావారు అరిచేశారు. వాళ్లు ఆ రాత్రే ఆటో పిలిపించి సామాన్లు ఎక్కించారు. మరిది పెళ్లికి రాలేదు. ఆయన పోయినప్పుడు మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు.

ఖాళీ చేయమనడం తప్పని నేననను. తొమ్మిదేళ్లు నోరు మెదపకుండా ఉండి ఒక్కరోజులో అన్నీ అనేయడమే మేం చేసిన తప్పు. నువ్వు మామయ్యని ఈ మూడేళ్లలో నేరుగా అడిగావా తల్లీ?

గుంటూరు_టీచరమ్మ · జులై 7

లేదు పిన్నిగారూ. ఒకసారి అత్తయ్యతో "బ్యాంకు వాళ్లు ఫోను చేస్తున్నారు" అన్నాను. ఆవిడ విననట్టు కూర తరుక్కుంటూ ఉండిపోయింది. అంతే.

నానిగారూ, మీ మాట పొద్దుటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది. మా నాన్నగారు ఆ స్థలం నాకు రాసిన దస్తావేజులో సాక్షి సంతకం కూడా మామయ్యదే. ఆయన చెడ్డవాడు కాదు. పోయిన నెల బాబు ఫీజు కోసం నా గాజులు రెండు తాకట్టు పెట్టాను. ఆ సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికి తలుపు కింద కరెంటు బిల్లు ఉంది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాకు మాట దక్కకపోయినా ఫరవాలేదు, ఇల్లు దక్కాలి కదండీ.

నరసరావుపేట_నాని · జులై 7

అక్కా, గాజుల సంగతి తెలియక అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నోటీసుకి ముందు ఓ మనిషి వెళ్లి మాట్లాడాలని నా కోరిక.

ఒకప్పటి_బాకీదారు · జులై 8

ఇక్కడ అందరూ ఇంటివాళ్ల వైపు నుంచి రాశారు. నేను పైపోర్షనులో ఉన్నవాణ్ని. మా అక్కగారి ఇల్లు, అరండల్‌పేట. కరోనాలో నా ఫ్యాన్సీ షాపు మూతపడ్డాక పంతొమ్మిది నెలలు అద్దె ఇవ్వలేదు.

ఆ స్థితిలో మనిషి ఎలా ఉంటాడో చెబుతాను. మొదటి నెల వచ్చే నెల రెండూ కలిపి ఇద్దాం అనుకున్నాను. మూడో నెలకి మొత్తం పెద్దదైంది, కొంచెం ఇస్తే మిగతాది అడుగుతారని అదీ ఇవ్వలేదు. ఆరో నెల నుంచి బావగారి బండి చప్పుడు వింటే లైటు ఆర్పేసేవాణ్ని. వాళ్లు అడగడం లేదు కాబట్టి ఫరవాలేదేమో అని ఓ పక్క, ఎప్పుడు అడుగుతారో అని ఓ పక్క. అన్నం సహించేది కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగకపోతే ఇవ్వాల్సినవాడు కూడా ఇవ్వడని నాకు అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం అక్క పైకి వచ్చి మంచం మీద కూర్చుంది. "రేపు దసరా దాకా ఉండు. ఈలోపు నువ్వు నెలకి ఎంత ఇవ్వగలవో నిజం చెప్పు. ఇవ్వలేకపోతే చిన్న ఇల్లు చూద్దాం, అడ్వాన్సు నేనిస్తా" అంది. నేను మూడు వేలు అన్నాను. అద్దెలు తక్కువగా ఉండే వీధిలో ఒక్క గది చూసుకుని వెళ్లాను. బాకీ ఇంకా తీరుస్తున్నాను. అక్క ఇంట్లో ఇప్పటికీ రాఖీకి భోంచేస్తాను.

టీచరుగారూ, ఆయన ఆ బిల్లు మడతపెట్టి తలుపు కింద తోస్తున్నాడంటే మీ మొహం చూడలేకనే అయి ఉంటుంది. పొగరు అనుకోకండి.

సత్యనారాయణపురం_పెద్దాయన · జులై 8

నాదీ ఇలాంటి బాధే కానీ వేరు. నా వయసు 71. రైల్వేలో రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో విజయవాడ సత్యనారాయణపురంలో ఇల్లు కట్టాను. కొడుకు, కోడలు, మనవరాలు కింద ఉంటారు. పైసా ఇవ్వరు, పైగా నన్ను తిడతాడు. నేను ఖాళీ చేయించగలనా?

వకీలమ్మ_బెజవాడ · జులై 8

బాబాయిగారూ, ఇల్లు మీ స్వార్జితం అయితే కొడుక్కి అందులో ఉండే హక్కు లేదు, మీ దయ మీద ఉంటాడు. ఒకవేళ అది మీ తాతల ఆస్తి అయితే కథ వేరు. అందులో పిల్లలకి, ఆడపిల్లలకి కూడా వాటా ఉంటుంది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఆ హక్కు 1985లోనే వచ్చింది. వాటాదారుణ్ని ఖాళీ చేయించలేం, పంపకం దావా వేసుకోవాలి.

మీకు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ఉంది. ఆర్డీవోగారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, మీరే స్వయంగా అర్జీ ఇవ్వొచ్చు. నెలనెలా పోషణ ఖర్చు ఇప్పించమనొచ్చు, మీ రక్షణకి అవసరమైతే ఖాళీ చేయించమనీ అడగొచ్చు. ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందని 2020లో ఎస్.వనిత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు కోడలి సంగతీ చెప్పింది. ఆమె కాపురం చేస్తున్న ఇంట్లో గృహహింస చట్టం, 2005 ప్రకారం ఆమెకి నివాస హక్కు ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి ఒక్కసారిగా పంపలేరు. అందుకని అర్జీలో కొడుకు ప్రవర్తన గురించి తేదీలతో సహా రాయండి. కోడలి మీద లేనిపోనివి రాయకండి. ముందు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోను చేయండి.

సత్యనారాయణపురం_పెద్దాయన · జులై 8

కోడలు మంచిదేనమ్మా. అన్నం పెట్టేది ఆవిడే. సోమవారం ఆర్డీవో ఆఫీసుకి వెళ్తాను.

కృష్ణలంక_కుర్రాడు · జులై 9

నా సలహా తప్పేనని ఒప్పుకుంటున్నాను. ఒక సందేహం. ఆ మామయ్యే రేపు వృద్ధుల చట్టం కింద అక్క మీద కేసు వేస్తే?

వకీలమ్మ_బెజవాడ · జులై 9

మంచి ప్రశ్న. ఆ చట్టం కింద పోషించాల్సింది కొడుకులు, కూతుళ్లు, మేజర్లైన మనవలు. పిల్లల్లేని వృద్ధుడైతే ఆయన ఆస్తి అనుభవిస్తున్న, లేదా ఆయన తర్వాత ఆ ఆస్తి దక్కే వారసుడు. మేనకోడలు ఊరికే ఆ లెక్కలోకి రాదు. టీచరుగారూ, మీ మామయ్యకి పిల్లలున్నారా?

గుంటూరు_టీచరమ్మ · జులై 9

ఒక్కడే కొడుకు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ప్లాట్ల గొడవలో తండ్రితో మాటలు ఆగిపోయాయి. నాకు మాత్రం అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు.

పాత_గుమాస్తా · జులై 9

అయితే అమ్మా, ఆ అబ్బాయికి ఈ సంగతి తెలియాలి. మామయ్య గారి పరువు అని దాచకండి.

ఇక కాగితం పని. బాకీ అద్దె వసూలుకి మూడేళ్ల గడువు. 2022 నవంబర్ అద్దెకి ఈ నవంబర్‌తో గడువు అయిపోతుంది, ఆ తర్వాత నెలకో నెల చేజారుతుంది. మామయ్య గారు "ఇంత బాకీ ఉన్నాను" అని తేదీ వేసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. నోటీసు పంపే ముందే ఆ సంతకం అడగండి. సంతకం పెట్టేవాడితో కోర్టు పని సగం తగ్గుతుంది.

మాటల్లో ఒప్పందానికి వస్తే ఊరికే వదలకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే అర్జీ ఇచ్చి లోక్ అదాలత్‌లో రాసుకోవచ్చు. అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా అక్కడే ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోను నంబరు 15100. కేసు అంటే వాయిదాలు, డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించమని మళ్లీ ఈపీ అనే అర్జీ, ఆ తర్వాత కోర్టు అమీనా వచ్చి తలుపు తీయించడం. మేనమామ సామాను అమీనా బయట పెడుతుంటే మీరు మెట్ల దగ్గర నిలబడాలి. అక్కడిదాకా రాకూడదని నా కోరిక.

ఇప్పుడు ఆషాఢం. ఎలాగూ ఇల్లు మారరు. 25 నుంచి శ్రావణం, తర్వాత భాద్రపదం మళ్లీ శూన్యమాసం అంటారు. శ్రావణం చివరి దాకా గడువు పెట్టుకుని మాట్లాడండి, ఆయనా కాదనలేరు.

పటమట_అత్తయ్య · జులై 9

మాట్లాడేటప్పుడు అమ్మని కూడా కూర్చోబెట్టు. మీవారిని మాత్రం మొదటి రోజు తీసుకెళ్లకు.

గుంటూరు_టీచరమ్మ · జులై 21

నిన్న ఆదివారం పైకి వెళ్లాను. అమ్మ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది, లోపలికి రాలేదు. అత్తయ్య కాఫీ ఇచ్చింది. లెక్క రాసిన కాగితం చేతిలోనే నలిగిపోయింది. "మామయ్యా, గాజులు తాకట్టు పెట్టాను" అని మాత్రం అనగలిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని, ఆ కాగితం అడిగి తీసుకుని, కమీషన్ కొట్లో లెక్కలు చూసినట్టే వేలు పెట్టి ఒక్కో నెలా చూశాడు. "కరెంటు వేయలేదేమ్మా" అన్నాడు. కింద తానే రాశాడు, ఇంత బాకీ అని, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

బెంగళూరు అబ్బాయికి ముందే చెప్పాను. మొదట కోప్పడ్డాడు, ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని నా మీద. నెలకి పది వేలు నాన్నకే పంపుతానన్నాడు. ఇకపై ఉండే ఇంటి అద్దె అందులోంచి కట్టుకోవాలి, పాత బాకీలో నెలకి రెండు వేలు నాకు ఇవ్వాలి. అలా లోక్ అదాలత్‌లో రాసుకోవడానికి మామయ్య ఒప్పుకున్నాడు. ఆయనకి కోర్టు అన్న మాట నచ్చలేదు, కానీ "రాసుకుంటేనే మంచిది, నా మాట మీద నాకే నమ్మకం పోయింది" అన్నాడు.

ఒకప్పటి_బాకీదారు · జులై 21

ఆ చివరి మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. మీరు పైకి వెళ్లి మంచి పని చేశారు.

గుంటూరు_టీచరమ్మ · ఆగస్టు 24

శ్రావణంలోనే మారారు. పట్టాభిపురంలో రెండు గదుల వాటా, 5,500. అడ్వాన్సు నేనిచ్చాను. మావారే ట్రాలీ ఆటో మాట్లాడి, బీరువా దించేటప్పుడు ఓ పక్క పట్టుకున్నారు. అత్తయ్య నాతో మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు అమ్మకి మాత్రం చెప్పింది. అమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, అన్నం పెడితే తింటుంది. టులెట్ బోర్డు తగిలించాను, ఇద్దరు చూసి వెళ్లారు.

ఇవాళ పొద్దున తలుపు తీస్తే గడప దగ్గర ఆగస్టు కరెంటు బిల్లు ఉంది, అలాగే నాలుగు మడతలు. విప్పితే లోపల 1,140 కట్టిన రసీదు.

సత్యనారాయణపురం_పెద్దాయన · ఆగస్టు 25

టీచరమ్మా, మీ గాజులు విడిపించుకోండి ముందు. నాకు ట్రిబ్యునల్‌లో వచ్చే నెల వాయిదా వేశారు. కొడుకు ఈ మధ్య కేకలు తగ్గించాడు. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

వకీలమ్మ_బెజవాడ · ఆగస్టు 25

వెళ్లండి బాబాయిగారూ. వెళ్లి ఈ మాటే అక్కడా చెప్పండి.